దేబిరించడం అంటే బతిమాలడమేనా?

కింద చదివేవాళ్ళ కోసం ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. చిన్నప్పుడు పక్కింటి కుర్రాడి సైకిల్ మీద ఒక్క రౌండు కోసం మీరు వాడి వెనకాలే తిరుగుతుంటే, మీ అమ్మమ్మగారు "ఎందుకురా వాణ్ణలా దేబిరిస్తావు, ఇంట్లోకి రా" అని కేకలేసేవారు. ఆ మాట మీకు గుర్తుండిపోయింది. మొన్న సెలవు పొడిగించమని ఆఫీసుకి తెలుగులో ఉత్తరం రాస్తూ, మళ్ళీ మళ్ళీ అడుగుతున్నానన్న అర్థం రావాలని "మిమ్మల్ని దేబిరిస్తున్నాను" అని రాశారు. పై అధికారి దాన్ని నలుగురికీ చదివి వినిపించి నవ్వారు. మాటలో తప్పేముంది, బతిమాలడానికీ దీనికీ తేడా ఏమిటి, అసలది దేబిరించడమా దేవురించడమా, "దేవుడా" అంటూ అడగడంలోంచి పుట్టిందా అన్నవి మీ సందేహాలు.

నేను ముప్పై ఏళ్ళ పైన ఒక పత్రికలో పనిచేశాను, మొదట ప్రూఫులు దిద్దుతూ, తర్వాత డెస్కులో. ఈ మాటతో ఒకసారి చేతులు కాల్చుకున్నాను కూడా, అది కాసేపట్లో చెప్తాను.

మాట తప్పు కాదండీ. చక్కటి తెలుగు మాట. కానీ అది అడిగేవాడు అనే మాట కాదు, అడిగేవాణ్ణి పక్కనుంచి చూసేవాడు అనే మాట. మీ అమ్మమ్మగారు గుమ్మంలో నిలబడి అన్నారు చూడండి, దాని చోటు అదీ. సైకిల్ కుర్రాడితో మీరు "నిన్ను దేబిరిస్తున్నానురా, ఒక్క రౌండు" అని ఎప్పుడైనా అన్నారా? అనుండరు. "ప్లీజ్‌రా" అనుంటారు, లేకపోతే "ఒక్కసారి రా, మళ్ళీ అడగను" అనుంటారు.

కొన్ని క్రియలున్నాయి, నోటితో అంటే చాలు ఆ పని జరిగిపోతుంది. "బతిమాలుతున్నాను, వెళ్ళకు" అంటే ఆ అనడమే బతిమాలడం. "వేడుకుంటున్నాను", "ప్రాధేయపడుతున్నాను", "మనవి చేసుకుంటున్నాను" అన్నీ ఆ బాపతే. దేబిరించడానికి ఆ సౌకర్యం లేదు. "దేబిరిస్తున్నాను" అంటే అడిగినట్టుండదు, అడుగుతున్న మీ వాలకం మీద మీరే వ్యాఖ్యానం చేసుకున్నట్టుంటుంది. దాదాపుగా "మీ ముందు వెకిలిగా పళ్ళికిలిస్తున్నాను, సెలవివ్వండి" అన్నట్టు. అందుకే నవ్వు వచ్చింది, మీ అధికారి మర్యాద సంగతి ఎలా ఉన్నా.

అయితే ఉత్తమ పురుషలో అసలు రాదా అంటే వస్తుంది, కాకపోతే పని అయిపోయాక వస్తుంది. "వాడి దగ్గర దేబిరించి దేబిరించి చివరికి ఐదువేలు పట్టుకొచ్చాను" అంటాం, ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ. "వాణ్ణి దేబిరించాల్సిన ఖర్మ నాకేమిటి?" అంటాం, వెళ్ళకముందే. "రేపటి నుంచి ఎవణ్ణీ దేబిరించను" అంటాం. వీటన్నిటిలో మాట్లాడే మనిషి తనను తాను దూరం నుంచి చూసుకుంటున్నాడు, సిగ్గుపడుతున్నాడు, కసిగా ఉన్నాడు. అడుగుతున్న ఆ క్షణంలో మటుకు ఈ మాట నోట రాదు.

ఇక ఈ మాటలో ఏమేమి కలిసి ఉన్నాయి? నిఘంటువు తిప్పితే దీనంగా యాచించడం అన్న అర్థం దొరుకుతుంది, అది సరైనదే కానీ చాలదు. నాకు కనిపించేవి మూడు: వదలకపోవడం, దైన్యం, చూసేవాడి చిన్నచూపు. మొదటి రెండూ అడిగేవాడిలో ఉంటాయి, మూడోది మాట అనేవాడిలో. వీటిలో ఒకటి తగ్గినా వేరే మాట వెతుక్కోవాల్సి వస్తుంది.

వదలకపోవడం ఉండి దైన్యం లేకపోతే అది నక్షత్రకుడి పని. హరిశ్చంద్రుడి నాటకం చూసినవాళ్ళకి తెలుసు, విశ్వామిత్రుడికి రావలసిన బాకీ కోసం ఆ శిష్యుడు హరిశ్చంద్రుడి వెంటపడి అడుగడుగునా పీక్కుతింటాడు. ఇప్పటికీ వదలకుండా వేధించేవాణ్ణి నక్షత్రకుడంటాం. వాడు అడగడం ఆపడు, నిజమే, కానీ వాడు దేబిరించాడని ఎవరూ అనరు, ఎందుకంటే దబాయింపు వాడిది, దైన్యమంతా అవతలివాడిది. ఇలాంటి చోట పీడించు, వేధించు, పోరు పెట్టు, నస పెట్టు వస్తాయి, తెలంగాణలో సతాయించు. పిల్లలైతే మారాం చేస్తారు. మారాంలో ఏడుపు ఉంటుంది కానీ అందులో ఒక అధికారం కూడా ఉంది, అడుగుతున్నది సొంత అమ్మని కదా.

అడగడం ఉంటుంది, ఒక్కసారే ఉంటుంది, చులకన అసలుండదు. అది వామనుడు. పోతన భాగవతంలో బలి అది కావాలా ఇది కావాలా అని పెద్ద జాబితా చదివితే, ఈ పొట్టి బ్రహ్మచారి "ఒంటివాడ నాకు నొకటి రెండడుగుల మేర యిమ్ము" అంటాడు. చెయ్యి చాచింది వామనుడే, అయినా అది యాచన, అర్థించడం. అక్కడ దేబిరించాడని రాసి చూడండి, పద్యం మొత్తం కూలిపోతుంది.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ రామదాసు. కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాల్లో కూర్చుని రాముణ్ణి ఎన్ని రకాలుగా అడిగాడో లెక్కలేదు. బతిమాలాడు, మొరపెట్టుకున్నాడు, సీతమ్మతో సిఫారసు చేయించబోయాడు, చివరికి ఒళ్ళు మండి నీకు చేయించిన నగలకి ఎంతయ్యిందో తెలుసా అని పద్దు విప్పి "ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు" అని నిలదీశాడు, మళ్ళీ దెబ్బలకి ఓర్వలేక తిట్టాను ఏమీ అనుకోవద్దన్నాడు. వదలకపోవడంలో ఆయన్ని మించినవాడు లేడు. దైన్యమూ ఉంది. అయినా దేబిరింపు లేదు, ఎందుకంటే అడిగేది తనకి బాకీ ఉన్నవాణ్ణని ఆయనకి నమ్మకం, వినేవాళ్ళం మనం కూడా ఆయన పక్షమే. చూసేవాడికి చులకన లేనప్పుడు ఈ మాట పుట్టదు.

ఇప్పుడు నా సంగతి. డెస్కులో కొత్తగా చేరిన రోజుల్లో, ధాన్యం అమ్మిన డబ్బు నెలల తరబడి అందక ఒక ఆఫీసు చుట్టూ తిరుగుతున్న రైతుల వార్త వచ్చింది. జాలితోనే రాశాననుకోండి, శీర్షికకి చోటు తక్కువ, "బకాయిల కోసం రైతుల దేబిరింపు" అని పెట్టాను. పొట్టిగా ఉంది, పదును ఉంది, నాకు భలే నచ్చింది కూడా. మర్నాడు పదకొండు గంటలకి ఫోను. గొంతు బట్టి పెద్దాయన. కోప్పడలేదు. "బాబూ, హెడ్డింగు పెట్టింది మీరేనా" అన్నారు. అవునన్నాను. "మేము అడుగుతున్నది మా ధాన్యం డబ్బులండీ. మా డబ్బులు మేము అడిగితే అది దేబిరించడం ఎట్టా అయ్యిద్ది? ఎండలో నిలబడ్డాం, నాలుగుసార్లు తిరిగాం, దండం కూడా పెట్టాం. దేబిరించలేదు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. తప్పయిందండీ అన్నాను. "రేపు మళ్ళీ వేస్తారా?" అన్నారు, అంటే సవరణ వేస్తారా అని. వేయలేదు, శీర్షికలో ఒక మాటకి సవరణ ఏమిటని పైవాళ్ళు నవ్వేశారు. అప్పటి నుంచి హక్కుగా అడిగేవాళ్ళ గురించి ఈ మాట నా చేతి మీదుగా పోనివ్వలేదు. పింఛను అడిగేవాళ్ళు, జీతం బకాయి అడిగేవాళ్ళు, ఆస్పత్రిలో మంచం అడిగేవాళ్ళు, వీళ్ళు తిరుగుతారు, మొరపెట్టుకుంటారు, వేడుకుంటారు, గట్టిగా రాయాలంటే "కాళ్ళరిగేలా తిరుగుతున్నారు" అని రాయండి. వాళ్ళ దైన్యం ఎవరి వల్ల వచ్చిందో ఆ మాటలో తెలుస్తుంది. దేబిరింపు అనగానే తప్పు మొత్తం అడిగేవాడి మొహానికి అంటుకుంటుంది.

తెలంగాణలో దొరల కాలంలో జనం చేత అనిపించిన "బాంచన్ నీ కాల్మొక్త" కూడా ఇలాంటిదే. బాంచన్ అంటే బానిస. పైకి వినడానికి అంతకంటే దీనమైన వాక్యం ఉండదు, కానీ అది భయం చేత నోట్లోకి వచ్చిన వాక్యం, దాన్ని దేబిరించడం అంటే దొర పక్కన కుర్చీ వేసుకుని చూసినట్టవుతుంది.

మొహం అన్నాను కదా, ఇంకో సంగతి. దేబిరించడానికి మాటలే అక్కర్లేదు. మీరు తింటుంటే కుక్క వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. అరవదు, మీద పడదు. మీ చెయ్యి పళ్ళెంలోంచి నోటి దగ్గరికి వెళ్ళినంతసేపూ దాని తల కూడా పైకి లేస్తుంది, మళ్ళీ కిందికి దిగుతుంది. ఒక్క ముద్ద వేస్తే మింగేసి మళ్ళీ అదే చూపు. "దేబె మొహం వేసుకుని చూస్తోంది పాపం" అంటాం. బతిమాలడానికి నోరు కావాలి, దేబిరించడానికి కళ్ళు చాలు. అందుకనే "దేబిరిస్తూ చూశాడు" అన్న వాక్యం కుదిరినంత బాగా "బతిమాలుతూ చూశాడు" కుదరదు, ఎక్కడో కొంచెం తేడా కొడుతుంది. కథలు రాసేవాళ్ళు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇది.

దేబె అన్నది విడిగా నామవాచకం. దద్దమ్మ, నిస్సత్తువ మనిషి, ఏడుపుగొట్టు మనిషి అనే అర్థాల్లో తిట్టుగా వాడతారు, "దేబెలా నిలబడ్డావేం" అని. దేబిరించులో ఉన్న ఆ చులకన దీని పక్కనే పెట్టి చూస్తే తెలుస్తుంది. దేవుడికీ దీనికీ ముడిపెట్టకండి. దేవురించు, దేవిరించు, దేబరించు అని కూడా రాసేవాళ్ళున్నారు, మీరు చూసిందీ అదే. వకారం బకారం నోట్లో తారుమారు కావడం మనకి కొత్త కాదు, వేగం ఉత్తరాంధ్రకి వెళ్ళి "బేగి రా" అయింది కదా. నేను మాత్రం దేబిరించు అనే దిద్దేవాణ్ణి, ఎక్కువమందికి అలవాటైన రూపం కాబట్టి. మరొకరు దేవురించు అని రాస్తే కొట్టేయాల్సిన పని లేదు, ఒకే రచనలో రెండు రకాలుగా రాయకపోతే చాలు.

దీని పక్కన వినిపించి తికమక పెట్టే మాటలు ఇంకో రెండున్నాయి. తెలంగాణలో దేవులాడు అంటే వెతకడం. "ఏం దేవులాడుతున్నవ్?" అంటే ఏం వెతుకుతున్నావని, అంతే, అందులో అడుక్కోవడం లేదు, అవమానం లేదు. కోస్తా నుంచి వెళ్ళిన మా సహోద్యోగి ఒకాయన, కళ్ళజోడు వెతుక్కుంటుంటే ప్యూను ఈ ప్రశ్న అడిగాడని మొహం మాడ్చుకున్నాడు. రెండోది ఉత్త దేవు. నూనెలోంచి గరిటెతో పైకి తీయడం దేవడం, కడుపులో తిప్పినట్టుంటే "కడుపులో దేవినట్టుంది" అంటాం. అదీ వేరు.

వ్యాకరణం సంగతి ఒక్క ముక్కలో చెప్తాను, ఇందులో పెద్దగా చిక్కులేమీ లేవు. ఎవర్నయితే అడుగుతామో వాళ్ళకి "ని" గానీ "దగ్గర" గానీ పెట్టొచ్చు, వాణ్ణి దేబిరించాడు, వాడి దగ్గర దేబిరించాడు. కావలసిన వస్తువుకి "కోసం". "డబ్బుని దేబిరించాడు" అని ఈమధ్య ఎక్కడో చదివాను, అది కుదరదు. డబ్బు అడుగుతాం, డబ్బు కోసం దేబిరిస్తాం.

అడుక్కోవడం, బిచ్చమెత్తడం కూడా దీనితో సమానమేనా అని మీరు చివర్లో అడిగారు. కాదు. అవి చేసే పని పేరు, ఇది చేసే తీరు పేరు. రోజూ బిచ్చమెత్తేవాడు దేబిరించకపోవచ్చు, ఇంటి ముందు నిలబడి ఒక్క కేక వేసి, పెడితే పుచ్చుకుని, లేదంటే పక్కింటికి పోతాడు. కోట్లున్నవాడు టికెట్ కోసమో పదవి కోసమో దేబిరించొచ్చు. నిజానికి ఈ మాటకి బాగా నప్పేది వీడే, అవసరం లేకపోయినా ఆ మొహం పెట్టినవాడు.

అడుక్కోవడానికి మన దగ్గరున్న పేర్లే ఒక లోకం. బిచ్చం అన్నది భిక్షకి వికృతి. ముష్టి అంటే పిడికిలి, పిడికెడు గింజలు పెట్టేవారు కాబట్టి ఆ పేరు, ముష్టియుద్ధంలో ఉన్నదీ ఆ పిడికిలే. పిడికెడంటే కొంచెం కనక "ముష్టి పది రూపాయల కోసం" అనే తిట్టు కూడా దానికి అతికింది. మాధుకరం అంటే తేనెటీగలాగా ఇంటికి కొంచెం చొప్పున, ఏ పువ్వుకీ నొప్పి తగలకుండా ఏరుకోవడం. యాయవారం ఊళ్ళమ్మట తిరిగి గింజలు సంపాదించుకోవడం. వారాలు చేసుకుని చదువుకోవడమంటే రోజుకో ఇంట్లో భోజనం మాట్లాడుకోవడం. తిరిపెం పాత మాట. ఇద్దరు పెళ్ళాలు తిరిపెగాడికెందుకయ్యా, గంగని వదిలెయ్, పార్వతి చాలు అని పల్నాట నీళ్ళు దొరక్క శివుణ్ణి గదమాయించిన చాటువు శ్రీనాథుడి పేరు మీద చెప్పుకుంటారు కదా, అందులో ఉంది. వీటిలో దేనిలోనూ దేబిరింపు తప్పనిసరి కాదు. మాధుకరానికీ వారాలకీ ఒక పద్ధతి ఉండేది, పెట్టేవాళ్ళకీ తినేవాళ్ళకీ తెలిసిన పద్ధతి. పద్ధతి ప్రకారం అడిగితే మొహం వేలాడేయాల్సిన పని లేదు.

అనువాదాలు, సినిమాల సబ్‌టైటిళ్ళు చేసే పిల్లలు నన్ను తరచు అడిగేది కూడా చెప్పేస్తాను. పాత్ర ఏడుస్తూ ఎదుటివాణ్ణి వేడుకునే సన్నివేశంలో "నిన్ను దేబిరిస్తున్నాను" అని పెడుతున్నారు, నిఘంటువులో పక్కనే ఉంది కదా అని. తెలుగువాడు నిజంగా గొంతు మీదికి వచ్చినప్పుడు క్రియ వెతుక్కోడు. "నీకు దండం పెడతాను" అంటాడు. "నీ కాళ్ళు పట్టుకుంటాను" అంటాడు. "నీకు పుణ్యముంటుంది", "నీ కడుపు చల్లగుండ", "బాబ్బాబు, ఈ ఒక్కసారికి" అంటాడు. ఆ "బాబ్బాబు" ఉంది చూశారూ, రెండు బాబులు కలిపి ఊపిరి తీసుకోకుండా అనేది, ఏ క్రియా దాని దగ్గరికి రాదు. తర్వాత ఆ సంగతి ఇంకొకరికి చెప్పేటప్పుడు కాళ్ళావేళ్ళా పడ్డాడనో, గడ్డం పట్టుకుని బతిమాలాడనో అంటాం. అవసరం కోసం తగనివాణ్ణి ఆశ్రయిస్తే వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడని సర్దిచెప్పుకుంటాం. చూడండి, గాడిద కాళ్ళు పట్టుకున్నా వసుదేవుడు దేబిరించాడని అనలేదు, ఆయన మీద మనకి జాలే కానీ చులకన లేదు కాబట్టి. తెలంగాణ పాత్ర అయితే బతిమాలడు, బతిలాడతాడు. "ఎంత బతిలాడినా ఇనలే" అనాలి, అక్కడ బతిమాలు పెడితే మనిషి కృష్ణ దాటి వచ్చినట్టుంటుంది.

ఇక మీ ఉత్తరం. ఆఫీసుకి రాసేటప్పుడు కోరుతున్నాను, మనవి చేసుకుంటున్నాను, విన్నవించుకుంటున్నాను, అభ్యర్థిస్తున్నాను, వీటిలో ఏదైనా సరిపోతుంది. ఇదివరకే అడిగానన్న సంగతి క్రియలో ఇరికించకండి, తేదీల్లో పెట్టండి. "సెలవు పొడిగింపు కోసం ఈ నెల 4న, 11న దరఖాస్తు పంపాను. జవాబు రానందున మరోసారి మనవి చేసుకుంటున్నాను." ఇంతే. ఎన్నిసార్లు అడిగారో ఆ రెండు తేదీలే చెప్తాయి, జవాబివ్వనిదెవరో కూడా.